ముందు గది, తర్వాతే మందు

న్యూయార్క్ ఐదో అవెన్యూ మీదున్న పబ్లిక్ లైబ్రరీ మెట్లకి అటూ ఇటూ రెండు రాతి సింహాలుంటాయి. ఎప్పుడు చూసినా ఫొటోలు దిగే జనమే. 1940లలో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా, ఆ మెట్ల దగ్గర కొందరు ఆడా మగా కలుసుకునేవారు. అందరూ రాక్‌లాండ్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉండి వచ్చినవాళ్లే. బయటికైతే వచ్చారు గానీ పని ఇచ్చేవాడు లేడు, బంధువులు మొహం చాటేశారు, అద్దెకి గది అడిగితే ఇన్నాళ్లూ ఎక్కడున్నావనే ప్రశ్న. అందుకని ఒకరికొకరం ఆసరాగా ఉందామని ఒక సంఘంగా ఏర్పడ్డారు. ‘మేం ఒంటరివాళ్లం కాదు’ అని దానికి పేరు పెట్టుకున్నారు. 1948లో దాతల సాయంతో 47వ వీధిలో ఓ ఇల్లు సమకూరింది. పెరట్లో చిన్న ఫౌంటెన్ ఉండడంతో దాన్ని ఫౌంటెన్ హౌస్ అన్నారు. ఆ సంస్థ ఇవాళ్టికీ నడుస్తోంది.

నేను చేసే ఉద్యోగానికి పునాది ఆ మెట్ల మీదే పడిందని నా నమ్మకం. దీన్ని ఇక్కడ పీర్ స్పెషలిస్ట్ అంటారు. మానసిక జబ్బుతో ఆసుపత్రి పాలై, కోలుకుని, అదే జబ్బుతో వీధిలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం, వాళ్లకి ఒక గది కుదిర్చి ఆ గది నిలబడేదాకా వెంట ఉండడం మా పని. మాది ఒంగోలు. తొంభైల చివర్లో చదువుకోసం అమెరికా వచ్చాను. ముప్పై దాటాక జబ్బు పడ్డాను. ఉద్యోగం పోయింది, దాని వెనకాలే గదీ పోయింది. కొన్నాళ్లు ఆడవాళ్ల షెల్టర్లో తలదాచుకున్నాను. తర్వాత ఒక గది దొరికింది, ఆ గదిలో ఉండగానే మందులు కుదురుకున్నాయి. శిక్షణ తీసుకుని ఈ పనిలో చేరాను. బ్రాంక్స్‌లో తిరుగుతుంటాను.

మా వృత్తి చరిత్ర చెప్పేవాళ్లు డాక్టర్ల పేర్లతోనో ప్రభుత్వ పథకాలతోనో మొదలుపెడతారు. నాకది న్యాయంగా తోచదు. ముందు నిలవడానికి నీడ ఇవ్వండి, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం అని మొదట అన్నది జబ్బు పడ్డవాళ్లే. చదువుకున్నవాళ్లు ఆ మాట వినడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1790లలో పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రి కనిపిస్తుంది. అక్కడ పిచ్చివాళ్ల వార్డుని చూసుకున్న జాన్ బాప్టిస్ట్ పుస్సాన్ కూడా ఒకప్పుడు అదే ఆసుపత్రిలో కంఠమాలకు వైద్యం చేయించుకున్నవాడే. నయమైన రోగులనే అతను పనివాళ్లుగా పెట్టుకునేవాడు. వాళ్లు కొట్టరు, తిట్టరు, రోగి బాధ తెలుసు కనక ఓపిక పడతారు. అక్కడి రోగుల గొలుసులు తీయించిన పేరు డాక్టర్ పినెల్‌కి దక్కింది గానీ, 1797లో ఆ పని చేసింది పుస్సానే.

అమెరికాకి తిరిగి వద్దాం. 1955లో ఇక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో దాదాపు 5,59,000 మంది ఉండేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోనే 93 వేల దాకా. కొత్త మందులు వచ్చాయి, ఆసుపత్రుల్లోని దారుణాలు పత్రికలకెక్కాయి, ఖర్చు తగ్గించుకోవాలన్న తొందర ప్రభుత్వాలకి పుట్టింది. 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెనెడీ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు పెడతామన్నారు. అనుకున్న 1,500లో సగమే కట్టారు. ఆసుపత్రుల తలుపులు మాత్రం బార్లా తెరిచారు. 1980 నాటికి లోపల మిగిలింది లక్షా ముప్పై వేల మంది.

బయటికొచ్చినవాళ్లు ఎక్కడికి పోయారు? న్యూయార్క్‌లో చాలామంది ఒంటిగది హోటళ్లకి చేరారు. ఒక మంచం, ఒక దీపం, వరండా చివర అందరికీ కలిపి ఒకే బాత్రూము, అద్దె వారానికి. శుభ్రం లేదు, భద్రత అంతంతమాత్రం. అయినా అది తలుపున్న గది. డెబ్బైలలో నగరం ఆ హోటళ్లను ఖరీదైన ఫ్లాట్లుగా మార్చుకునేవాళ్లకి పన్ను రాయితీలిచ్చింది. కొద్ది ఏళ్లలోనే లక్షకు పైగా గదులు మాయమైపోయాయి. మాన్‌హాటన్ వీధుల్లో మనుషులు పడుకోవడానికి పిచ్చే కారణమని అప్పట్లో తేలిగ్గా అనేసేవాళ్లు, ఇప్పుడూ అంటుంటారు. ఆ మనుషులకి జబ్బు అంతకుముందూ ఉంది. కొత్తగా పోయింది గది.

1979లో రాబర్ట్ హేస్ అనే కుర్ర లాయరు నగరం మీదా రాష్ట్రం మీదా దావా వేశాడు. వాదుల్లో మొదటి పేరు రాబర్ట్ కల్లహన్‌ది, బవరీ వీధిలో బతుకు వెళ్లదీస్తున్న మనిషి. 1981లో రాజీ ఒప్పందం కుదిరింది. అడిగిన ప్రతి మగవాడికీ రాత్రికి పడక ఇవ్వాల్సిందేనని అందులో రాశారు. తర్వాత ఇంకో కేసు వల్ల ఆ హక్కు ఆడవాళ్లకీ దక్కింది. నేను షెల్టర్లో పడుకోగలిగానంటే ఆ కేసు పుణ్యమే. ఒప్పందం మీద సంతకాలు పడకముందే కల్లహన్ వీధిలోనే చనిపోయాడు.

షెల్టరంటే ఏమిటో లోపల పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. పాత సైనిక శిక్షణ శాలల్లో, ఫోర్ట్ వాషింగ్టన్ ఆర్మరీ లాంటి చోట్ల, ఒకే నేల మీద వందల మంచాలు వేసేవారు. బూట్లు దొంగలెత్తుకుపోకుండా మంచం కోళ్లను వాటిలో దూర్చి పడుకునేవారు. లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. చెవిలో గొంతులు వినిపించే మనిషికి అలాంటి హాలు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చాలామంది షెల్టర్ వద్దని వీధికే వెళ్లిపోయారు. దాన్ని మొండితనమన్నారు, జబ్బు లక్షణమన్నారు. నా దృష్టిలో అది తెలివైన నిర్ణయం.

ఇక జాయిస్ బ్రౌన్ సంగతి. న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్నంలో సెక్రటరీగా పనిచేసిన నల్లజాతి స్త్రీ. బిల్లీ బాగ్స్ అనే పేరు చెప్పుకునేది. రెండో అవెన్యూ, 65వ వీధి మూల ఒక ఐస్‌క్రీమ్ షాపు పక్కన వేడిగాలి వచ్చే జాలీ మీద ఉండేది. దారినపోయేవాళ్లని తిట్టేది, ఇచ్చిన డాలర్ నోట్లు కొన్ని చింపేసేది. మేయర్ ఎడ్ కాచ్ అప్పుడే కొత్త విధానం తెచ్చాడు, వీధిలో ఉన్నవాళ్లని వాళ్లు వద్దన్నా ఆసుపత్రికి చేర్చవచ్చని. 1987 అక్టోబరు 28న ఆమెను బెల్‌వ్యూ ఆసుపత్రికి తీసుకుపోయారు. పౌరహక్కుల సంఘం లాయర్లు ఆమె తరఫున నిలబడ్డారు. నగరం సైకియాట్రిస్టులు ఆమెకి స్కిజోఫ్రీనియా అన్నారు, ఆమె తరఫు సైకియాట్రిస్టులు కాదన్నారు. కోర్టులో ఆమె తనే మాట్లాడింది, స్పష్టంగా, ఎదురు ప్రశ్నలకి తడుముకోకుండా. తనకి ఇల్లు లేదు గానీ పిచ్చి లేదన్నది ఆమె వాదన. జడ్జి లిప్‌మన్ ఆమెను వదిలెయ్యమన్నాడు, పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చివరికి, ఆమె ఒప్పుకోకుండా మందులివ్వడానికి ఇంకో జడ్జి అనుమతించకపోవడంతో 1988 జనవరిలో ఆసుపత్రే వదిలేసింది. తర్వాత కొద్ది వారాలకే హార్వర్డ్ లా స్కూల్లో మాట్లాడింది. మళ్లీ కొన్నాళ్లకి వీధిలో కనబడింది.

ఆ కేసు గురించి కుప్పలుతెప్పలుగా రాశారు. స్వేచ్ఛ గొప్పదా వైద్యం గొప్పదా అని చర్చించారు. నన్ను అడిగితే ఆ చర్చే దారి తప్పింది. వీధి, ఆసుపత్రి, ఈ రెంటి మధ్యా మూడో చోటొకటి ఉండొచ్చని ఆ చర్చలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వీధిలోంచి ఎత్తుకుపోయే ముందే ఒక తాళంచెవి ఆమె చేతిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆ లక్షల మాటల్లో నాకు కనబడలేదు.

అప్పటికే ఆ మూడో చోటు గురించి మాట్లాడుతున్నవాళ్లు లేకపోలేదు. 1971లో కెనడాలోని వాంకూవర్లో మానసిక రోగులు సంఘం పెట్టుకున్నారు. శని, ఆదివారాల్లో డే హాస్పిటల్ మూసేస్తే, కష్టం వచ్చినవాళ్లకి పలికే దిక్కుండేది కాదు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు కూడా. మిగిలినవాళ్లు ఫోన్ నంబర్లు పంచుకోవడంతో మొదలైన సంఘం కొద్దికాలంలోనే ఇళ్లు నడిపే స్థాయికి వచ్చింది. వంట ఎవరు చెయ్యాలి, కొత్తగా ఎవరిని చేర్చుకోవాలి, జీతమిచ్చి ఎవరిని పెట్టుకోవాలి, అన్నీ సభ్యుల ఓటుతోనే. జూడీ చేంబర్లిన్ 1978లో అచ్చువేసిన పుస్తకంలో ఆ ఇళ్ల గురించి రాసింది. గర్భస్రావం తర్వాత కుంగిపోయి ఆసుపత్రుల్లో చేరి, అక్కడి తీరు చూసి ఉద్యమంలోకి వచ్చిన మనిషి ఆమె. ఆ పుస్తకం చేతికి రాని పాత తరం పీర్లు మా దగ్గర ఉండరు.

నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి హవీ ది హార్ప్. అసలు పేరు హవర్డ్ గెల్డ్, పుట్టింది న్యూయార్క్‌లో. మీసాలు రాని వయసులోనే మానసిక వైద్యశాలల్లో పడ్డాడు. నిద్ర పట్టని రాత్రుల్లో అక్కడే మౌత్ ఆర్గాన్ వాయించడం నేర్చుకున్నాడు. బయటపడ్డాక గ్రీనిచ్ విలేజ్ వీధుల్లో అది వాయిస్తూ బతికాడు. మౌత్ ఆర్గాన్‌ని అక్కడివాళ్లు హార్ప్ అంటారు, అలా ఆ పేరు వచ్చింది. రోగుల హక్కుల సంఘాల్లో పోర్ట్‌లాండ్‌లో, న్యూయార్క్‌లో పనిచేశాడు. ఎనభైలలో కాలిఫోర్నియా వెళ్లి, ఓక్లాండ్‌లో ఇళ్లు లేని మానసిక రోగులు తామే నడుపుకునే కేంద్రాన్ని నిలబెట్టాడు. 1990లో ఒక వృత్తి పత్రికలో వ్యాసం రాశాడు. సారాంశం ఇది: మామూలు ఇల్లు, మామూలు అద్దె ఒప్పందం మాకు కావాలి. సాయం కావాల్సినప్పుడు అడుగుతాం, అప్పుడు రండి. ఆ సాయం తీసుకోకపోతే ఇల్లు తీసేస్తామని బెదిరించకండి.

ఇప్పుడు చదివితే ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. అప్పటి పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. షెల్టర్ నుంచి ట్రాన్సిషనల్ హోమ్, అక్కడ మందులు సరిగ్గా వేసుకుంటే, తాగుడు మానితే, వంటా శుభ్రం నేర్చుకుంటే గ్రూప్ హోమ్, అక్కడా బుద్ధిగా ఉంటే ఎప్పటికో సొంత గది. ఎక్కడ జారినా మళ్లీ కింది మెట్టుకే. నిజానికి ఏ మెట్టూ ఎక్కలేనంత జబ్బుగా ఉన్నవాళ్లే కదా వీధిలో మిగిలింది!

శామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు ఎనభైల చివర్లో వీధుల్లో జనాన్ని కలిసే పనిలో ఉండేవాడు. ఆసుపత్రికి పంపిన మనుషులే కొన్నాళ్లకి అదే మూల కనిపించేవారు. ఏం కావాలని అడిగితే అందరిదీ ఒకే జవాబు, ఉండడానికి చోటు. 1992లో అతను పాత్‌వేస్ టు హౌసింగ్ మొదలుపెట్టాడు. సిబ్బందిలో జబ్బునీ వీధినీ అనుభవించినవాళ్లు ఉన్నారు. పద్ధతి సూటిగా ఉంటుంది. సంస్థ ప్రైవేటు యజమానుల దగ్గర ఫ్లాట్లు అద్దెకి తీసుకుంటుంది. ఒకే బిల్డింగులో గుంపుగా కాకుండా ఊరంతా విడివిడిగా తీసుకుంటుంది. ఇంట్లో ఉండే మనిషి తనకొచ్చే భృతిలో దాదాపు 30 శాతం అద్దె కింద కడతాడు, మిగతాది పథకం భరిస్తుంది. మందులు వేసుకోవాలన్న షరతు లేదు, తాగుడు మానాలన్న షరతు లేదు. సంస్థ మనుషులు అప్పుడప్పుడూ ఇంటికి వస్తారు, తలుపు తియ్యాలి, అంతే. 2000లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఐదేళ్ల తర్వాత పాత్‌వేస్ వాళ్లలో 88 శాతం ఇంట్లోనే ఉన్నారు. మెట్ల పద్ధతిలో వెళ్లినవాళ్లలో 47 శాతం. తర్వాత కెనడా ప్రభుత్వం 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో సుమారు 2,000 మందితో పెద్ద పరీక్ష చేసింది. ఇల్లు నిలబెట్టుకోవడంలో అదే ఫలితం వచ్చింది. జబ్బు లక్షణాలు మాత్రం ముందే ఇల్లు ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. ఈ సంగతి దాచకూడదు. ఇల్లు జబ్బుని కుదర్చదు. మనిషిని వీధిలో చావకుండా ఆపుతుంది, కుదురుకోవడానికి కాస్త సమయం ఇస్తుంది.

హవీ 1993లో న్యూయార్క్ తిరిగొచ్చి కమ్యూనిటీ యాక్సెస్ సంస్థలో పనిచేశాడు. 1995 ఫిబ్రవరిలో 42 ఏళ్లకే పోయాడు. ఆ ఏడాదే అతని పేరుతో పీర్లకి శిక్షణ ఇచ్చే కేంద్రం మొదలైంది. జబ్బు పడ్డ అనుభవాన్నే అర్హతగా చూసి ఉద్యోగానికి తయారుచేసే చోటు. 1999లో జార్జియా రాష్ట్రం పీర్ల పనికి పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్ నుంచి డబ్బు వచ్చే ఏర్పాటు చేసింది, 2007లో అమెరికా కేంద్ర ప్రభుత్వమే రాష్ట్రాలన్నిటికీ దారి చూపించింది. మాది వృత్తిగా స్థిరపడింది అలాగే.

ఇంతకీ మేం చేసేదేమిటో చెప్తాను. బ్రాంక్స్‌లో జెరోమ్ అవెన్యూ మీద పైన రైలు పోతుంటుంది, కింద మూసిన షట్టర్ల ముందు మనుషులు. ఎదురుగా వెళ్లి నిలబడం, పక్కగా, కాస్త దూరంలో కిందికి కూర్చుంటాం. పేరు చెప్తాం. సంచిలో సాక్సులుంటాయి. వీధిలో అందరికీ అన్నిటికన్నా ముందు కావాల్సింది అవే, తడిసిన సాక్సులతో పాదాలు పుచ్చిపోతాయి కనక. చాలాసార్లు సాక్సులు తీసుకుని మొహం తిప్పుకుంటారు. మళ్లీ మర్నాడు వెళ్తాం. ఎప్పుడో ఒకరోజు, నేనూ ఆసుపత్రిలో ఉండి వచ్చినదాన్నేనని చెప్తే, అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏ మందిచ్చారు నీకు? లావెక్కావా? నోట్లోంచి చొంగ కారిందా? చెయ్యి వణికిందా? డాక్టరుని ఈ ప్రశ్నలు అడగరు, అడిగినా నమ్మరు. నన్ను నమ్ముతారు, నా చెయ్యి ఇంకా కొంచెం వణుకుతుంది.

గది వచ్చాక అసలు పని. ఒకాయన కొత్త మంచం పక్కనే నేల మీద, తలుపుకి కాళ్లు తన్నిపెట్టి పడుకునేవాడు, ఎవరైనా తోసుకొస్తే తెలియడానికి. దుప్పటి ప్లాస్టిక్ కవర్లోంచి తియ్యలేదు. పొయ్యి ముట్టుకోలేదు. పగలంతా పాత షట్టర్ దగ్గరికే పోయి కూర్చునేవాడు, అక్కడైతే మాట్లాడే మనిషుంటాడు. అక్కడి నేస్తాల్ని ఇంటికి తెచ్చుకున్నాడు, వాళ్లు కదల్లేదు, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. తెలిసినవాళ్లని వీధిలో వదిలి తను తలుపేసుకోవడం ఎంత కష్టమో షెల్టర్ నుంచి వచ్చిన నాకు తెలుసు. నేను వెళ్లి ఇద్దరికీ సరిపడా గుడ్లు వండేదాన్ని, తినేవాళ్లం, యజమానికి ఏం చెప్పాలో అనుకునేవాళ్లం. మంచం ఎక్కడానికి శీతాకాలం గడిచిపోయింది. ఇప్పుడూ ఆ గదిలోనే ఉన్నాడు.

అంతా బాగుందని అనను. ఆసుపత్రి నుంచి వీధిదాకా మనిషిని తెలిసినవాళ్లం మేమే, టీములో తక్కువ జీతం మాదే. అద్దెలు ఆకాశానికంటాయి, సంస్థలు అప్పుల పాలవుతాయి. న్యూయార్క్‌లో పాత్‌వేస్ కూడా అలాగే 2010ల నడిమిలో మూతపడింది. ఫిలడెల్ఫియాలో, వాషింగ్టన్‌లో దాని శాఖలు నిలిచాయి.

మన దగ్గరి మాట కూడా చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచి, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు 28 మంది కాలిపోయారు. 1993లో చెన్నైలో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ మొదలుపెట్టిన బన్యన్ సంస్థ, వీధిలో దొరికిన స్త్రీలకి ఆశ్రయంతో మొదలై, 2015 నుంచి ‘హోమ్ ఎగైన్’ పేరుతో మామూలు వాడల్లో ఇళ్లు అద్దెకి తీసుకుని నలుగురైదుగురిని ఒక ఇంట్లో ఉంచుతోంది. ఆసుపత్రి నుంచి తీసుకుపోవడానికి ఎవరూ రాని ఆడవాళ్లు అక్కడ బజారుకి పోతారు, వండుకుంటారు, ఇరుగుపొరుగుతో పోట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్, కుటుంబం వదిలేసిందనో ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలో ఉంచెయ్యడానికి వీల్లేదంటుంది. 100వ సెక్షన్ ప్రకారం వీధిలో తిరుగుతున్న రోగిని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు, వైద్యానికి చేర్చాలి, ఇల్లు లేనివాళ్లయితే ఆచూకీ కోసం కేసు నమోదు చెయ్యాలి. చట్టం బాగుంది. అయినా 2019లో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు 43 పరిశీలిస్తే, లోపలున్నవాళ్లలో మూడోవంతుకు పైగా ఏడాది దాటి ఉంటున్నవాళ్లని తేలింది.

ఎర్రగడ్డలోనో విశాఖ చినవాల్తేరులోనో వైద్యం చేయించుకుని కుదుటపడ్డవాళ్లు మన ఊళ్లలో వేలల్లో ఉంటారు. పెళ్లిసంబంధాలు చెడతాయని ఆ సంగతి దాచుకుని బతుకుతుంటారు. బస్టాండులో జడలు కట్టిన జుట్టుతో కూర్చున్న మనిషి దగ్గరికి మొదట వెళ్లగలిగేది వాళ్లే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాల్లో వాళ్లకి జీతమిచ్చి ఉద్యోగాలివ్వాలి, డిశ్చార్జి అయి పోవడానికి చోటు లేనివాళ్ల కోసం ఇళ్లు అద్దెకి తీసుకోవాలి. చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ పోర్షన్ ఖాళీగా ఉండి, ఏ సంస్థో వచ్చి ఆసుపత్రి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఉంటారు, అద్దె మేం కడతాం అని అడిగితే, కాదనకండి. అడ్వాన్సు తీసుకుని తాళంచెవి ఇవ్వండి.